ఆరని కేసు, ఆపి ఆపి చూసిన ధారావాహిక: 'ట్రయల్ బై ఫైర్'కు వచ్చిన స్పందన

'ట్రయల్ బై ఫైర్' 2023 జనవరి 13న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ఏడు భాగాల హిందీ ధారావాహిక. 1997 జూన్ 13న దక్షిణ ఢిల్లీలోని గ్రీన్‌పార్కులో ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదానికి గురైంది. ఆ ప్రమాదంలో ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతుల కథ ఇది. వారే రాయగా 2016లో అదే పేరుతో వెలువడిన పుస్తకం దీనికి ఆధారం. ప్రశాంత్ నాయర్, కెవిన్ లుపర్చియో దీన్ని తెరకు మలిచారు. నాయర్‌తో పాటు రణ్‌దీప్ ఝా, అవని దేశ్‌పాండే దర్శకత్వం వహించారు. నీలంగా రాజశ్రీ దేశ్‌పాండే, శేఖర్‌గా అభయ్ దేవోల్ నటించారు. విమర్శకులు చాలావరకు దీన్ని మెచ్చుకున్నారు. ప్రేక్షకుల మెప్పుకూ కొదవ లేదు కాని, దాని వెంటే ఒక ఇబ్బంది కూడా వినిపించింది: ఏకబిగిన చూడటం తమ వల్ల కాలేదని, ఒక భాగం చూసి ఆపేశామని, మళ్లీ మొదలుపెట్టడానికి రోజులు పట్టిందని. విమర్శకుల మెప్పుకూ ప్రేక్షకుల ఇబ్బందికీ మూలం ఒక్కటే. ఆ మూలం ఏమిటో తెలియాలంటే ముందు ఉపహార్‌లో ఏం జరిగిందో, తర్వాత కోర్టుల్లో ఏం జరిగిందో చూడాలి.

ఆ రోజు శుక్రవారం. జె.పి. దత్తా తీసిన 'బోర్డర్' ఆ రోజే విడుదలైంది. ఉపహార్ కింది అంతస్తులో, కార్లు నిలిపే చోట, ఢిల్లీ విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. తెల్లవారి ఏడు గంటల ప్రాంతంలో దానికి ఒకసారి నిప్పంటుకుంది. బోర్డు సిబ్బంది వచ్చి పైపైన మరమ్మతు చేసి వెళ్లారు. సాయంత్రం అయిదు గంటల వేళ, మూడు గంటల ఆట నడుస్తుండగా, సరిగ్గా బిగించని తీగ దగ్గర మళ్లీ నిప్పు రేగింది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె బయటికి కారింది, పక్కనున్న కార్లు అంటుకున్నాయి. పైన హాల్లోకి వచ్చినది మంటకన్నా ముందు పొగ. మెట్ల దారి పొగగొట్టంగా మారింది, ఎయిర్ కండిషనింగ్ గొట్టాలు కూడా పొగను లోపలికి చేరవేశాయి. హాల్లో హెచ్చరిక ప్రకటన లేదు, అత్యవసర దీపాలు లేవు. నేల తరగతిలో ఉన్నవారు బయటపడగలిగారు. బాల్కనీలో ఉన్నవారికి దారి దొరకలేదు.

దారి ఎందుకు దొరకలేదన్నదే కేసుకు గుండెకాయ. బాల్కనీలో కుడివైపు ఉండాల్సిన నడవను మూసి, యజమానుల కుటుంబం కోసం ఒక ప్రత్యేక బాక్సు కట్టారు. ఇంకొంత చోటును అదనపు సీట్లు ఆక్రమించాయి. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, ఢిల్లీ హాళ్లకు అదనపు సీట్లు వేసుకునే అనుమతి ఇచ్చారు. 1979లో ఆ అనుమతిని రద్దు చేశారు. సీట్లు మాత్రం పూర్తిగా పోలేదు. మొత్తం 59 మంది చనిపోయారు, నూరుమందికి పైగా గాయపడ్డారు. మరణాలకు ప్రధాన కారణం కాలిన గాయాలు కావు, ఊపిరాడకపోవడం. చనిపోయినవారిలో కృష్ణమూర్తి దంపతుల 17 ఏళ్ల కూతురు ఉన్నతి, 13 ఏళ్ల కొడుకు ఉజ్జ్వల్ ఉన్నారు. పిల్లలకు టిక్కెట్లు తెప్పించింది నీలమే. దుర్ఘటన జరిగిన కొద్ది వారాలకే ఆ దంపతులు మిగతా కుటుంబాలను కూడగట్టి ఉపహార్ బాధితుల సంఘం ఏర్పాటు చేశారు. సీనియర్ న్యాయవాది కె.టి.ఎస్. తులసి ఆ సంఘం తరఫున ఫీజు తీసుకోకుండా వాదించారు.

తర్వాతి పాతికేళ్ల కథను తేదీలుగా చెబితే పొడిగా ఉంటుంది. కాని ధారావాహిక నడకను నిర్ణయించింది ఆ తేదీలే. సీబీఐ 1997 నవంబరులోనే అభియోగపత్రం దాఖలు చేసింది. కింది కోర్టు తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది. 2007 నవంబరులో హాలు యజమానులు సుశీల్ అన్సల్, గోపాల్ అన్సల్ సహా 12 మందిని దోషులుగా తేల్చి, అన్సల్ సోదరులకు రెండేళ్ల జైలు విధించింది. 2008 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఏడాదికి తగ్గించింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు నేరం రుజువైందని ధ్రువీకరించింది కాని, శిక్ష ఎంత ఉండాలన్న దగ్గర ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. 2015 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఒక్కొక్కరు 30 కోట్ల రూపాయలు కడితే అప్పటికి అనుభవించిన జైలు చాలునంది. 2017 ఫిబ్రవరిలో పునఃసమీక్ష జరిగి, గోపాల్ అన్సల్ మిగిలిన శిక్ష అనుభవించాలని, సుశీల్ అన్సల్‌కు వయసు దృష్ట్యా మినహాయింపని మెజారిటీ తీర్పు వచ్చింది. నష్టపరిహారం కేసుదీ ఇదే దారి. 2003లో హైకోర్టు ఇరవై ఏళ్లు దాటిన మృతులకు 18 లక్షలు, అంతకన్నా చిన్నవారికి 15 లక్షలు ఇమ్మంది. 2011లో సుప్రీంకోర్టు వాటిని 10 లక్షలకు, ఏడున్నర లక్షలకు తగ్గించింది. శిక్షార్థంగా విధించిన రెండున్నర కోట్లు 25 లక్షలయ్యాయి. వీటన్నిటి మధ్య కోర్టు దస్త్రాల్లోని కీలక కాగితాలు చింపేశారని, కొన్నిటి మీద సిరా ఒలికించారని బయటపడి మరో కేసు నడిచింది. అందులో 2021 నవంబరులో సోదరులిద్దరికీ ఏడేళ్ల జైలు పడింది. 2022 జులైలో జిల్లా న్యాయమూర్తి అప్పటికి అనుభవించిన కాలంతో సరిపెట్టారు. అంటే ధారావాహిక విడుదలకు ఆరు నెలల ముందు.

ధారావాహికకు మొదటి స్పందన ప్రేక్షకులనుంచో పత్రికలనుంచో రాలేదు, కోర్టులో దావాగా వచ్చింది. ప్రసారాన్ని ఆపాలంటూ సుశీల్ అన్సల్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. పుస్తకం పంపిణీని కూడా ఆపాలని కోరారు. తనను ఏకపక్షంగా చిత్రించారన్నది ఆయన వాదన. విడుదలకు ముందురోజు, జనవరి 12న, న్యాయమూర్తి యశ్వంత్ వర్మ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు. పుస్తకం 2016 నుంచీ బజారులోనే ఉందనీ, అన్నేళ్లూ దాని మీద అభ్యంతరం రాలేదనీ ఉత్తర్వు గుర్తుచేసింది. సినిమా చూడకముందే దానివల్ల కలిగే పరువునష్టాన్ని అంచనా కట్టి నిలిపివేయడం తేలిక పని కాదన్నది మన న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. ఈ ఉత్తర్వు ఆ దారిలోనే నడిచింది. ఇరవై అయిదేళ్లుగా కోర్టులో సాగిన ఒక కథ తెరకెక్కేముందు మళ్లీ కోర్టు గడపే తొక్కడం చిత్రమే. దానివల్ల ధారావాహికకు దక్కిన ప్రచారం మరో చిత్రం.

ఇక ధారావాహిక కూర్పు. ఇంత పెద్ద అగ్నిప్రమాదం చేతిలో ఉన్నప్పుడు, దాన్ని మొదటి భాగంలోనే చూపించి ప్రేక్షకుణ్ని కట్టిపడేయడం తెరరచయితలకు అలవాటైన మార్గం. ఇక్కడ అలా చేయలేదు. మొదటి భాగం తల్లిదండ్రుల వైపు నిలబడుతుంది. పిల్లలు సినిమాకు బయల్దేరడం, ఇంటికి రావలసిన వేళ దాటిపోవడం, హాలు దగ్గర గుంపు, ఆసుపత్రి వరండాలు. హాల్లో ఏం జరిగిందన్నది ఆ తల్లిదండ్రులకు ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలుసు. ఆ రోజును లోపలినుంచి చూపించే పని చివరి భాగానికి వాయిదా పడింది. మధ్యలో ఉన్న భాగాలన్నీ కాగితాలు, వాయిదాలు, ఫోన్లు, బాధిత కుటుంబాల ఇళ్ల చుట్టూ తిరగడాలు. నీలం దస్త్రాలు చదవడం నేర్చుకుంటుంది. ఇంట్లో పిల్లల గది అలాగే ఉంటుంది. భార్యాభర్తలు ఒకరినొకరు ఓదార్చుకునే దృశ్యాలు చాలా తక్కువ, ఓదార్చుకోలేక పక్కపక్కనే కూర్చున్న దృశ్యాలే ఎక్కువ.

ఆ దంపతుల ఇల్లు దాటి కథ మరి కొందరి దగ్గరికి కూడా వెళ్తుంది. రాజేశ్ తైలాంగ్ నటించిన వీర్ సింగ్ ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతుతో ముడిపడిన విద్యుత్ ఉద్యోగి. పెద్దవాళ్ల తప్పులో తన వాటాకన్నా ఎక్కువ మోయాల్సి వచ్చినవాడు. ఆశీష్ విద్యార్థి నటించిన సూరి యజమానుల తరఫున బాధిత కుటుంబాలను బేరానికి ఒప్పించడానికి తిరిగే మనిషి. తెలుగు ప్రేక్షకులకు విద్యార్థి గట్టిగా అరిచే విలన్‌గా పరిచయం. ఇక్కడ గొంతు తగ్గించి, తన పనిమీద తనకే అసహ్యం ఉన్నట్టు నటించాడు. 'పోకిరి' చూసినవాళ్లు ఆయనలోని ఈ రెండో నటుణ్ని చూడటానికైనా ఆ భాగాలు చూడాలి. అనుపమ్ ఖేర్, రత్నా పాఠక్ షా వృద్ధ దంపతులుగా కనిపించే భాగం దాదాపు విడి చిత్రంలా నడుస్తుంది. అందులో ఖేర్ మాజీ సైనికుడు. హాల్లో ఆడుతున్నది 1971 యుద్ధం మీద తీసిన సినిమా అన్న సంగతి అక్కడ కొత్త అర్థం తెచ్చుకుంటుంది.

విమర్శకులు ఎక్కువగా మెచ్చుకున్నది ఈ నిగ్రహాన్నే. రాజశ్రీ దేశ్‌పాండే నటన గురించి దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. నీలం పాత్రను సానుభూతి కోసం మెత్తబరచలేదని, కోపాన్ని చల్లారనివ్వలేదని. బాధితురాలు కన్నీళ్లు పెట్టుకుంటే సమాజం దగ్గరికి తీసుకుంటుంది, ఫైళ్లు పట్టుకుని ప్రశ్నలడిగితే దూరం జరుగుతుంది. ఆ దూరం జరగడాన్ని రాజశ్రీ ముఖంలో, నడకలో చూపించింది. అభయ్ దేవోల్ పాత్రకు అంత వెలుగు దక్కలేదు గాని, భార్య కోపానికి తన మౌనంతో చోటు కల్పించే భర్తగా ఆయన నటన తక్కువదేమీ కాదు. అభ్యంతరాలు రెండు వైపులనుంచి వచ్చాయి. దంపతుల కథను వదిలి పక్క పాత్రల్లోకి వెళ్లడంవల్ల బిగువు సడలిందన్నది ఒకటి. కాలం ముందుకూ వెనక్కూ దూకడంవల్ల కోర్టు పోరాటం ఏ మజిలీలో ఉందో అర్థం కావడం లేదన్నది మరొకటి. రెండోదానిలో నిజం ఉంది. కేసు తెలియని ప్రేక్షకుడు 2008కీ 2015కీ మధ్య తేడా పట్టుకోవడానికి కష్టపడతాడు. మొదటిదాన్ని ఒప్పుకోవడం కష్టం. వీర్ సింగ్, సూరి లేకపోతే ఉపహార్ ఒక కుటుంబపు దురదృష్టంగా మిగిలిపోయేది. అదెంతమంది చేతులమీదుగా జరిగిందో చూపించడానికి ఆ పక్కదారులు తప్పవు.

ప్రేక్షకుల ఇబ్బందిని విమర్శకులు కొంత తేలిగ్గా తీసుకున్నారు. అది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. భారతీయ కుటుంబ ప్రేక్షకుడు దుఃఖానికి భయపడడు. తెలుగువారి సంగతే చూస్తే, 1953లో 'దేవదాసు'ను నెత్తిన పెట్టుకున్నారు. 1993లో 'మాతృదేవోభవ' చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్లారు. పిల్లల్ని ఒక్కొక్కరిగా అప్పగించి చనిపోయే తల్లి కథ అది, చేతిరుమాళ్లు తడవకుండా హాలునుంచి బయటికి వచ్చినవారు అరుదు. ఆ సినిమాకు వేటూరి రాసిన పాటకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అటువంటి సినిమాల్లో దుఃఖం పాటలో పొంగి కన్నీరుగా బయటికిపోతుంది, ప్రేక్షకుడు తేలికపడి ఇంటికి వెళ్తాడు. 'ట్రయల్ బై ఫైర్' ఆ వెసులుబాటు ఇవ్వదు. ఏడవాలనిపించే చోట దృశ్యాన్ని తుంచేస్తుంది, మర్నాడు కోర్టు వరండాలో మొదలుపెడుతుంది. ప్రేక్షకుడి గొంతులో ఉండ కట్టిన దుఃఖం కరగదు. తర్వాతి భాగానికి అది అలాగే వెళ్తుంది. విమర్శకులు నిగ్రహమని పొగిడినదీ, ప్రేక్షకులు చూడలేకపోయామన్నదీ ఈ ఒక్క పనినే.

చూసే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. హాల్లో కూర్చున్నవాడు టిక్కెట్టు కొన్నాడు, చీకటి ఉంది, చుట్టూ మనుషులున్నారు, మధ్యలో లేవడు. ఇంట్లో బొమ్మ ఆపడానికి ఒక్క మీట చాలు. పదమూడేళ్ల పిల్లాడు పక్క గదిలో చదువుకుంటుండగా పదమూడేళ్ల పిల్లాడి మరణం చూడటం ఏ తల్లికీ తండ్రికీ సులువు కాదు. నెట్‌ఫ్లిక్స్ 2023 డిసెంబరులో మొదటిసారి తన వేలాది శీర్షికలను ఎన్ని గంటలు చూశారో ప్రకటించింది. అటువంటి గంటల లెక్కలో మధ్యలో ఆపినవాడూ, మూడు వారాలకు పూర్తిచేసినవాడూ, ఒక్క రాత్రిలో చూసినవాడూ కలిసిపోతారు. ఒక విషాద ధారావాహిక విజయాన్ని ఆ లెక్కతో తూచడం దాని స్వభావానికే విరుద్ధం.

ఢిల్లీ ప్రేక్షకుల ఇబ్బందికి మరో కారణం ఉంది. వారికి గ్రీన్‌పార్కు తెలుసు, ఎయిమ్స్ ఆసుపత్రి ఎక్కడుందో తెలుసు, మూతపడిన ఉపహార్ భవనాన్ని దాటుకుంటూ ఏళ్లతరబడి రాకపోకలు సాగించారు. ఆ భవనానికి దగ్గర్లోనే మృతుల జ్ఞాపకంగా స్మృతి ఉపవనం ఉంది. పైగా వారికి ఉపహార్ పాత కథ కాదు. 2019 ఫిబ్రవరిలో కరోల్‌బాగ్ హోటల్లో 17 మంది, అదే ఏడాది డిసెంబరులో అనాజ్ మండీ కార్ఖానాలో 43 మంది, 2022 మే నెలలో ముండ్కా భవనంలో 27 మంది మంటల్లో, పొగలో చనిపోయారు. ధారావాహిక వచ్చాక, 2024 మే నెలలో వివేక్ విహార్ శిశువుల ఆసుపత్రిలో ఏడుగురు పసికందులు పోయారు. ఇటువంటి ప్రమాదాల తర్వాత విచారణల్లో ప్రతిసారీ చర్చకు వచ్చేవి అవే: బయటపడే దారి, అనుమతి పత్రం, విద్యుత్ తీగలు. రాజధాని ప్రాంతపు ప్రేక్షకుల స్పందనలో దుఃఖంతో పాటు కోపం ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

ఢిల్లీ నేరాలు, దుర్ఘటనల మీద వచ్చిన మరో రెండింటి పక్కన పెడితే దీని తేడా స్పష్టమవుతుంది. 2019లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' 2012 నాటి సామూహిక అత్యాచారం కేసు దర్యాప్తును చూపించింది. 2020లో ఉత్తమ డ్రామా ధారావాహికగా అంతర్జాతీయ ఎమ్మీ పొందింది. నేరం ఘోరమే అయినా, షెఫాలీ షా నటించిన డీసీపీ వర్తికా చతుర్వేది కొద్ది రోజుల్లోనే నిందితులను పట్టుకుంటుంది. ప్రేక్షకుడికి ఆ ఊరట దొరికింది. రాజేశ్ తైలాంగ్ అందులోనూ ఉన్నారు, ఆ కథలో పోలీసుగా. 2021 అక్టోబరులో వచ్చిన 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్: ది బురారీ డెత్స్' మూడు భాగాల డాక్యుమెంటరీ. 2018 జులై 1న బురారీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయి కనిపించిన ఘటన దాని విషయం. లీనా యాదవ్ దాన్ని సంచలనానికి దూరంగా, మానసిక ఆరోగ్యం గురించిన ప్రశ్నగా తీయడానికి ప్రయత్నించారు. అయినా అటువంటి చిత్రాన్ని ఒక అడ్డంకి వదలదు: ఆ ఇంటిలోపలి బతుకు గురించి సాక్ష్యం చెప్పగలవారు అక్కడ మిగల్లేదు. ఉపహార్ విషయంలో కథ చెప్పుకున్నది తల్లిదండ్రులే. ముందు పుస్తకంగా రాశారు, తర్వాత తెరకు హక్కులిచ్చారు. పరుల దుఃఖాన్ని తొంగిచూస్తున్నామన్న సంకోచం ఇక్కడ చాలావరకు తొలగిపోతుంది. అన్సల్ దావాలో పుస్తకం తేదీ అంత బలమైన ఆధారం కావడానికీ ఇదే కారణం.

అయితే ఈ బలంలోనే ఒక పరిమితి ఉంది. కథ కృష్ణమూర్తి దంపతులది కాబట్టి, 59 మందిలో మిగిలినవారు నేపథ్యంలోకి జరిగారు. సంఘంలోని తక్కిన కుటుంబాల్లో కొన్ని రాజీకి మొగ్గడం, కొన్ని అలసిపోవడం ధారావాహిక చూపించింది. వాటికి ఇంకో భాగం కేటాయించినా ఎక్కువయ్యేది కాదు. ఒక పేద కుటుంబానికి పాతికేళ్ల పోరాటం అంటే ఏమిటో, ఏడున్నర లక్షలకూ 15 లక్షలకూ మధ్య తేడా ఆ ఇంట్లో ఏం చేస్తుందో తెరమీద తగినంత కనిపించలేదు. విమర్శకుల్లో ఎక్కువమంది ఈ వైపు చూడలేదు.

తెలుగు ప్రేక్షకుడికి ఇది దూరపు ఢిల్లీ కథ అనిపించే వీలు ఇప్పుడు లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన వేళ జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అక్కడ పొగ లేదు, మంట లేదు. కాని హాలుకు వచ్చిన జనాన్ని క్షేమంగా లోపలికి పంపి క్షేమంగా బయటికి పంపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉపహార్‌లోదే. చర్చ మాత్రం చాలావరకు ఆ సినిమా కథానాయకుడి చుట్టూ, రాజకీయాల చుట్టూ తిరిగింది. ప్రవేశ ద్వారాలు, జనం లెక్క, బందోబస్తు పత్రాలు వెనక్కు పోయాయి.

2023 నవంబరులో ఫిల్మ్‌ఫేర్ ఓటీటీ పురస్కారాలిచ్చినప్పుడు డ్రామా ధారావాహికల విభాగంలో ఉత్తమ నటిగా రాజశ్రీ దేశ్‌పాండే ఎంపికైంది. ఉత్తమ ధారావాహిక పురస్కారం హన్సల్ మెహతా తీసిన 'స్కూప్'కు వెళ్లింది, విమర్శకులిచ్చే ఉత్తమ ధారావాహిక పురస్కారం 'ట్రయల్ బై ఫైర్'కు వచ్చింది. ఆ పంపకం న్యాయమైనదే. ఎక్కువమంది ఒకేసారి కూర్చుని చూడగలిగే ధారావాహిక ఇది కాదు, అలా తీయాలని దీని దర్శకులు అనుకోలేదు కూడా. మధ్యలో ఆపినవారు ఆపిన చోటునుంచే మళ్లీ మొదలుపెట్టి చివరి భాగం దాకా చూడాలి. అది చూడకుండా ఈ ధారావాహిక మీద ఇచ్చే తీర్పు, మంచిదైనా చెడ్డదైనా, చెల్లదు.